పాత టోపో మ్యాప్‌తో (ఎత్తుపల్లాలు చూపే పటంతో) సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతానికి వెళ్లే ముందు

- మ్యాప్ కింది అంచులో ప్రింటైన ఏడాది కాదు, సర్వే చేసిన ఏడాది చూడండి. 1980 మే 18కి ముందుదైతే, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, గిఫర్డ్ పిన్చో నేషనల్ ఫారెస్ట్‌లోని ఈ కొండ ఎత్తు అందులో 9,677 అడుగులు. ఆ రోజు అగ్నిపర్వతం పేలాక మిగిలింది సుమారు 8,360. ఎత్తును చూపే గోధుమరంగు గీతలు గుండ్రంగా చుట్టుకున్న శిఖరం చోట ఇప్పుడున్నది ఉత్తరం వైపు తెరుచుకున్న పెద్ద బిలం. స్పిరిట్ లేక్ ఒడ్డు కూడా మారిపోయింది. దారికి కొత్త మ్యాపే వాడండి, ఇందులో మొహమాటం వద్దు.

- అంచులో రాసిన దిక్సూచి తేడా (దిక్సూచి చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మధ్య కోణం) ఇప్పుడు పనికిరాదు. ఈనాటి లెక్క చూసుకోండి.

- మ్యాప్‌పై 1927 డేటమ్ (అక్షాంశ రేఖాంశాల లెక్కకు ఆధారం) అని ఉంటే జీపీఎస్‌లో అదే పెట్టాలి. లేదంటే దాదాపు వంద మీటర్లు పక్కకు పోతారు.

- 4,800 అడుగులు దాటాలంటే పర్మిట్ తప్పనిసరి.

- చిరిగిన మడతలకు సెల్లోటేప్ వేయకండి, పసుపు మరక పడుతుంది. జిరాక్స్ తీసుకెళ్లండి.