పాత డయానా 27 ఎయిర్ రైఫిల్‌ను బాగుచేయడం ఎలా?

జర్మనీలోని రాస్టాట్‌లో తయారైన డయానా 27ను అమెరికాలో విన్‌చెస్టర్ 427 పేరుతో కూడా అమ్మారు. బ్యారెల్ విరిచి (అంటే కీలు దగ్గర కిందికి వంచి) స్ప్రింగ్ బిగించే రకం. పాత రైఫిల్ గుండు మెల్లగా పోతుంటే చాలామంది ముందు గట్టి స్ప్రింగ్ కోసం వెతుకుతారు. అది అనవసరం. చాలాసార్లు తప్పు స్ప్రింగ్‌ది కాదు, గాలి ఎక్కడో కారిపోతోందంతే.

చట్టం సంగతి ముందే చూసుకోండి. మన దేశంలో లైసెన్స్ మినహాయింపు 0.177 అంగుళాల బోరు (బ్యారెల్ లోపలి వ్యాసం), 20 జౌల్స్ శక్తి దాటని వాటికే. ఈ మోడల్ 0.22లో కూడా వచ్చింది, దానికి ఈ మినహాయింపు వర్తించదు. పంచభుజిలో ‘ఎఫ్’ అక్షరం ముద్ర ఉంటే అది జర్మనీ పరిమితి 7.5 జౌల్స్‌కు లోబడి తయారైనదని అర్థం.

పని మొదలుపెట్టే ముందు బ్యారెల్ విరిచి లోపల పెల్లెట్ (గుండు) లేదని చూడండి. బ్యారెల్ తెరిచి ఉండగా ట్రిగ్గర్ జోలికి వెళ్లకండి. అది ఒక్కసారిగా మూసుకుంటే వేళ్లు నలుగుతాయి, బ్యారెల్ పైకి వంగుతుంది. పెల్లెట్ లేకుండా పేల్చడం కూడా వద్దు. ఎదురుగా గాలి ఒత్తిడి నిలవకపోతే పిస్టన్ (స్ప్రింగ్ నెట్టగా గాలిని కుదించే భాగం) నేరుగా ఇనుము మీద దెబ్బ కొడుతుంది.

ఇప్పుడు విప్పకుండానే చేయగల పని. పిస్టన్ చివర ఉండే తోలు వాషర్, పాత సైకిల్ పంపులో వాషర్ లాగే, ఎండితే గాలిని ఆపలేదు. బ్యారెల్ విరిచినప్పుడు కనిపించే, గాలి బయటికొచ్చే సన్న రంధ్రంలో పది చుక్కల మామూలు మెషీన్ ఆయిల్ వేసి, రైఫిల్‌ను మడమ (చెక్క వెనక చివర) మీద నిలబెట్టి రాత్రంతా వదిలేయండి. మర్నాడు మొదటి కొన్ని షాట్లకు పొగ, గట్టి చప్పుడు వస్తాయి. కుదించిన గాలి వేడికి నూనె అంటుకోవడం వల్ల అలా జరుగుతుంది. పొగ ఆగకపోతే నూనె ఎక్కువైందని అర్థం. బ్యారెల్ మూసుకునే చోట ఉన్న సీల్‌ను కూడా పరీక్షించండి: అతుకు మీద సన్నని టిష్యూ కాగితం పెట్టి, పెల్లెట్ వేసి పేల్చండి. కాగితం ఎగిరితే సీల్ మార్చాలి, లేదా దాని కింద పల్చటి కాగితపు పొర పెట్టి ఎత్తు పెంచాలి. చాలా రైఫిళ్లకు వైద్యం ఇక్కడే అయిపోతుంది.

అయినా బాగుపడకపోతే విప్పాలి. స్ప్రింగ్ బిగింపులో ఉంటుంది కాబట్టి చెక్కపని క్లాంప్‌తో గానీ స్ప్రింగ్ కంప్రెసర్‌తో గానీ పట్టి ఉంచండి. మొహం దాని వరుసలో పెట్టకండి, కళ్లద్దాలు తప్పనిసరి. చెక్క భాగాన్ని పట్టి ఉంచే స్క్రూలు తీసి, క్లాంప్ బిగించాక ట్రిగ్గర్ భాగాన్ని పట్టుకున్న అడ్డ పిన్నులు కొట్టి, క్లాంప్‌ను నెమ్మదిగా వదలండి. ఈ ట్రిగ్గర్‌లో మూడు ఉక్కు గోళీలు ఉంటాయి. అవి దొర్లిపోతే రోజంతా నేల మీద వెతుక్కోవాలి. కింద గుడ్డ పరచుకోండి, ఏ భాగం ఎలా ఉందో ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి.

స్ప్రింగ్‌ను అద్దం పలక మీద దొర్లించి చూడండి. వంకర ఉంటే కొత్తది, అదే బలం ఉన్నది వేయండి. నిటారుగా ఉంటే దాన్నే శుభ్రం చేసి వాడొచ్చు. లోపలి పైపును, పిస్టన్‌ను కిరోసిన్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. తుప్పుంటే నూనె తడిపిన సన్న స్టీల్ ఊల్‌తో రుద్దండి. శాండ్ పేపర్ మాత్రం వద్దు, నీలిరంగు పూత పోతే తిరిగి రాదు. లోపలి పైపుకున్న గాడి అంచులు పదునుగా ఉంటే వాషర్‌ను కోసేస్తాయి, సన్నటి ఆకురాయితో మొద్దుచేయండి. కొత్త తోలు వాషర్‌ను నూనెలో నానబెట్టి బిగించండి. పిస్టన్ చేత్తో నెట్టితే కొద్ది పట్టుతో కదలాలి, ఇరుక్కోకూడదు.

గ్రీజు దగ్గరే అసలు ట్యూనింగ్. పిస్టన్ పక్కలకు మాలిబ్డినం గ్రీజు పల్చగా, స్ప్రింగ్‌కు జిగురు గ్రీజు సన్నని పొరగా పూయండి. ‘టంగ్’మనే చప్పుడు చాలావరకు తగ్గుతుంది. వాషర్ ముందు భాగాన గ్రీజు చుక్క కూడా ఉండకూడదు. గోళీలను గ్రీజుతో అంటించి ట్రిగ్గర్‌ను విప్పిన క్రమానికి తిరగేసి కూర్చండి.

తర్వాత మీ రైఫిల్ బోరుకు సరిపడే పెల్లెట్లతో వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌లో చూడండి. 0.5 గ్రాముల పెల్లెట్ సెకనుకు 170 మీటర్లు పోతే శక్తి దాదాపు 7.2 జౌల్స్. అంకె పెద్దదిగా ఉండటం కంటే షాట్‌కు షాట్‌కు తేడా తక్కువగా ఉండటం చూడండి. వెనక గట్టి మట్టిదిబ్బ ఉన్న చోటే కాల్చండి. కొన్ని షాట్ల తర్వాత చెక్క భాగాన్ని పట్టే స్క్రూలు వదులవుతాయి, మళ్లీ బిగించండి. గుండ్లు చెల్లాచెదురుగా పడుతుంటే ముందు ఈ స్క్రూలనే అనుమానించాలి.