ఏనుగు నోరు కుదిరింది

పిల్లల చదువుల స్ట్రీమింగ్ యాప్‌కి 20 సెకన్ల యానిమేషన్ యాడ్ చేశాను. గొడుగు పట్టుకున్న ఏనుగు మబ్బుల్ని లెక్కపెడుతుంది. బొమ్మ ముద్దుగానే వచ్చింది గానీ మాట ఒకచోట, నోరు ఒకచోట! మర్నాడే పంపాలి, ఒకటే టెన్షన్.

ముందు ఆడియో ఫైల్‌ని అనుమానించాను, అనవసరంగా. ఒక్కో ఫ్రేమూ జరిపి చూస్తే దొరికింది: "మబ్బు" అన్నప్పుడు పెదవులు కలవనేలేదు. ఇంగ్లిష్ ట్రాక్‌కి గీసిన నోళ్లనే తెలుగుకీ వాడేశాను మరి. ప, బ, మ దగ్గర మూసిన నోరు పెట్టి, రెండేసి ఫ్రేములు నిలిపాను. సెకనుకి 24 ఫ్రేములు కదా, ఒక్కటైతే కంటికి ఆనదు. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి చివర్లో నోరు టక్కున కాకుండా మెల్లగా మూసుకునేలా చేశాను. ఆఖరికి నోటి కదలికలన్నీ శబ్దం కంటే రెండు ఫ్రేములు ముందే మొదలయ్యేలా జరిపితే అతికినట్టు కుదిరింది.

తొండం ఊపు మాత్రం నాకింకా నచ్చట్లేదు.