తిమ్మక్క ద్విపద పాడుకోవడం ఎలా?

కడప నుంచి తిరుపతి పోయే బస్సులో రాజంపేట దగ్గర 108 అడుగుల అన్నమయ్య విగ్రహం కనబడగానే అందరూ దండం పెడతారు. ఆయన ఊరు తాళ్లపాక ఆ పక్కనే. ఆయన భార్య తిమ్మక్క 15వ శతాబ్దంలోనే అర్జునుడి పెళ్లి కథను ‘సుభద్రా కల్యాణం’గా రాసింది. గ్రూప్స్‌కు చదివేవాళ్లకు ఆమె ఒక బిట్టు: తొలి తెలుగు కవయిత్రి. పాడేవాళ్లు మాత్రం కరువు.

“ట్యూన్ ఎక్కడుంది మేడం?” అంటారు నా దగ్గర పాట నేర్చుకునే పిల్లలు. స్వరాలు రాసిపెట్టిలేవు, కానీ నడక ఛందస్సులోనే ఉంది. ఆమెది మంజరీ ద్విపద, అంటే ప్రాస లేకుండా రెండేసి పాదాలుగా సాగే పద్యం. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం (గణమంటే కొలత ప్రకారం కట్టిన అక్షరాల గుంపు). మూడో గణం మొదటి అక్షరానికి యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో జత కలవాలి. ప్రాస, అంటే పాదాల రెండో అక్షరం కలవడం, అక్కర్లేదు. పుస్తకం తెరిచేముందు నేను కట్టిన ఈ ముక్క పాడిస్తాను:

పెన్నేటి గట్టున పెరిగిన చెట్టు
నీడలో కూర్చుంటె నిదురొచ్చె నాకు

(కవిత్వం అనకండి, కొలత కోసం కట్టింది.)

లఘువుకు (పొట్టి అక్షరం) ఒక మాత్ర, గురువుకు (పొడుగు అక్షరం) రెండు లెక్కేయండి. మొదటి పాదం 5, 4, 4, 3 మాత్రలు. రెండోది 5, 5, 5, 3. ఇంద్రగణం ఎప్పుడూ నాలుగో ఐదో, సూర్యగణం మూడే. అందుకే ఖండగతి, అంటే దెబ్బకు ఐదు మాత్రల నడక, హాయిగా సరిపోతుంది. పాదానికి నాలుగు దెబ్బలు, దెబ్బకొక ‘తక తకిట’. మాత్ర తగ్గినచోట చివరి అక్షరం సాగదీయాలి: ‘గట్టున’లో ఒకటి, ‘పెరిగిన’లో ఒకటి, ‘చెట్టు’లో రెండు. పిల్లలు ‘చెట్టు’ దగ్గరి ఆ రెండు మాత్రలూ మింగేసి ‘నీడలో’కి దూకుతారు. తాళం జారేది అక్కడే. తొడమీద గట్టిగా వేయించండి. ఊపిరి తీసుకునే చోటు కూడా అదే.

అసలు కావ్యంలో గణం మాట మధ్యలో తెగొచ్చు. పెన్సిల్ గీత గణానికే పెట్టండి, గొంతులో మాత్రం మాట విరగకూడదు.

రాగం మీ ఇష్టం. కొత్తవాళ్లకు మోహన చాలు, ఐదు స్వరాలే కదా. పెళ్లి కథ కాబట్టి నాకైతే ఆనందభైరవి పెడితేనే తృప్తి. కథ చెప్పే పాట ఇది, తారస్థాయికి (పై గొంతుకు) పోయి సంగతులు (ఒకే వరుసను మార్చి మార్చి పాడడం) వేస్తే మాటలు వినబడవు. ఫోన్‌లో తంబూరా పెట్టుకుని రోజుకు నాలుగు పాదాలు, అంతే.

శ్రీమంతానికో వ్రతానికో పదిమంది ఆడవాళ్లు చేరితే ఒకరు మొదటి పాదం అందించండి, మిగతావాళ్లు రెండోది అందుకోండి. మైకు వద్దు. ఒకరి తాళం ఒకరికి వినబడాలి.