మద్దతు ధరకు రాగులు అమ్మడం – 3వ పాఠం: పంట సర్వే, గుంటల లెక్క, తేమ

బెంగళూరులో ఉంటూ దొడ్డబళ్ళాపురం, బాగేపల్లి, ముళబాగిలు వైపు సొంత చేలో రాగులు పండించుకునేవాళ్ళ కోసం ఈ పాఠాలు. పోయినసారి రైత సంపర్క కేంద్రంలో (వ్యవసాయ శాఖ ఆఫీసు) ఎఫ్‌ఐడీ, అంటే రైతు గుర్తింపు సంఖ్య, చేయించుకోవడం చూశాం. ఇప్పుడు మీ దగ్గర ఎన్ని క్వింటాళ్ళు కొంటారో ముందే లెక్క కట్టడం నేర్చుకుందాం.

2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. అంతకు ముందటి ఏడాది 4,290. ఈ ధర మీ చేతికి రావాలంటే, ఎఫ్‌ఐడీకి ఎక్కిన సర్వే నంబర్లలో పంట సర్వే (ఏ చేలో ఏ పంట ఉందో సర్కారు రాసుకునే లెక్క) కూడా రాగి అనే చూపించాలి. చేలో రాగి ఉండి సర్వేలో జొన్న అని పడితే కొనుగోలు కేంద్రంలో ఎంత వాదించినా లాభం లేదు.

అందుకే పైరు నిలబడి ఉండగానే ఫోనులో కర్ణాటక పంట సర్వే వివరాలు చూపే బెళె దర్శక్ యాప్ తెరవండి. జిల్లా, తాలూకా, హోబళి (తాలూకాలో కొన్ని ఊళ్ళ విభాగం), ఊరు, సర్వే నంబరు, హిస్సా (సర్వే నంబరులో మీ భాగం) ఎంచుకుంటే పంట పేరు, విస్తీర్ణం, తీసిన ఫోటో కనిపిస్తాయి. ఎక్కువగా తప్పేది మూడుచోట్ల: పక్క హిస్సా ఫోటో మీదాంట్లో పడటం, చేను బీడు అని రాయడం, సాళ్ళలో అవరె (అనుములు) వేసినందుకు మిశ్రమ పంటగా చూపి రాగి విస్తీర్ణం తగ్గించడం. తప్పుంటే అక్కడే ఆక్షేపణ పెట్టండి. కోత అయ్యాక పెడితే మళ్ళీ చూసి సరిచేయడానికి చేలో పైరే ఉండదు.

ఇక విస్తీర్ణం. పహాణీలో 2-20 అంటే 2 ఎకరాల 20 గుంటలు. దీన్ని 2.20 ఎకరాలుగా చదివి నష్టపోయేవాళ్ళు చాలామంది. ఎకరాకు 40 గుంటలు కాబట్టి 20ని 40తో భాగించాలి: 2.5 ఎకరాలు. ఎకరాకు 10 క్వింటాళ్ళ పరిమితి అనుకుంటే 25 క్వింటాళ్ళు, అంటే 1,22,150 రూపాయలు. తప్పుగా చదివితే 22 దగ్గరే ఆగిపోతారు. ఎకరా పరిమితీ, రైతుకు మొత్తం మీద పెట్టే గరిష్ఠ పరిమితీ ఏటా సర్కారు ఆదేశంలో వస్తాయి. ఆ ఏటి అంకెలే వేసుకోండి. ఖరాబు భూమిని (సాగుకు పనికిరానిదని రాసిన భాగం) తీసేసి లెక్కించండి. పహాణీలో యజమాని పేరుండే 9వ కాలమ్‌లో ఇంకా తాతగారి పేరే ఉంటే ఆ భూమి మీ ఎఫ్‌ఐడీకి ఎక్కదు. ముందు పౌతి ఖాతా (చనిపోయినవారి భూమిని వారసుల పేరుకు మార్చడం) చేయించుకోవాలి. దానికి నెలలు పట్టొచ్చు కనుక విత్తనాలు వేసేలోపే మొదలుపెట్టడం మేలు.

సరుకు వెనక్కి వచ్చేది ఎక్కువగా తేమ వల్లే. రాగికి 12 శాతం దాటకూడదు. 15 శాతం తేమతో 100 కిలోలు ఉంటే అందులో తేమ పోగా 85 కిలోలు, దాన్ని 0.88తో భాగిస్తే ఆరాక మిగిలేది 96.6 కిలోలు. కాబట్టి 25 క్వింటాళ్ళు అప్పగించాలంటే ఆరబెట్టే ముందు దాదాపు 26 క్వింటాళ్ళు ఉండాలి.

రోడ్డు మీద నూర్చకండి. రాళ్ళు, మట్టి చేరితే చెత్త 1 శాతం దాటుతుంది, మనుషుల ప్రాణాలకూ ముప్పు. టార్పాలిన్ మీద రెండు అంగుళాల మందానికి మించకుండా పరిచి, గంటకోసారి తిరగేయండి. సాయంత్రం వేడి మీదే గోనెల్లో నింపితే లోపల చెమ్మ పట్టి తేమ మళ్ళీ పెరుగుతుంది, చల్లారనిచ్చి నింపండి.

అభ్యాసం: పహాణీలో 1-30 ఉంది, అందులో 10 గుంటలు ఖరాబు. ఎకరాకు 10 క్వింటాళ్ళ లెక్కన ఎంత అమ్మవచ్చు? 15 క్వింటాళ్ళు వస్తే లెక్క పట్టుబడినట్టే. తర్వాత మీ పహాణీ తీసుకుని అదే చేయండి. వచ్చే పాఠంలో కొనుగోలు కేంద్రంలో తూకం, రసీదు, ఆధార్ లింకైన ఖాతాలో డబ్బు పడకపోతే ఏం చూడాలన్నది.