9 లక్షల లాభం, చేతిలో లక్షా నలభై వేలు: క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ ఇలా వేయాలి

"లాభం 9 లక్షలని రాశావు, మరి ఆ డబ్బు ఏదబ్బాయా?" కావలి దగ్గర రొయ్యల మేత అమ్మే డీలర్ ఒకాయన బ్యాలెన్స్ షీట్ చేత్తో పట్టుకుని నన్నడిగిన మాట ఇది. బ్యాంకులో, గల్లాపెట్టెలో కలిపి ఆయన దగ్గరున్నది 1,40,000. లెక్క తప్పు కాదు, ఆయన అనుమానమూ తప్పు కాదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే కాగితమే, అంటే ఏడాదిలో డబ్బు ఎక్కణ్నుంచి వచ్చి ఎక్కడికి పోయిందో చూపేదే, క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్. బీకాంలో దీన్ని ఫార్మాట్‌లా బట్టీ పడతారు, ఏది ఎందుకు కలుపుతున్నామో ఎందుకు తీసేస్తున్నామో మాత్రం ఎవరూ అడగరు, అందుకే పరీక్ష అవగానే మర్చిపోతారు. ఆయన లెక్కతోనే చెప్తాను, అంకెలు మాత్రం గుండ్రంగా మార్చాను.

ముందు పోయినేడాది, ఈ ఏడాది మార్చి 31 నాటి బ్యాలెన్స్ షీట్లు రెండూ పక్కపక్కన పెట్టుకోండి. లాభనష్టాల ఖాతా, లోన్ల స్టేట్‌మెంట్లు కూడా దగ్గరుండాలి. ప్రతి అంకె ఎంత పెరిగిందో ఎంత తగ్గిందో పెన్సిల్‌తో పక్కన రాసేయండి, సగం పని అక్కడే అయిపోతుంది.

ఈ స్టేట్‌మెంట్ ఎలా వేయాలో చెప్పే నిబంధన, అకౌంటింగ్ స్టాండర్డ్ 3 ప్రకారం డబ్బు రాకపోకలు మూడు భాగాలు. రోజువారీ వ్యాపారంలో వచ్చిపోయేది ఆపరేటింగ్, ఆస్తులు కొనడం అమ్మడం ఇన్వెస్టింగ్, అప్పులూ పెట్టుబడీ ఫైనాన్సింగ్. క్యాష్ అంటే నోట్లే కాదు, బ్యాంకు కరెంట్ ఖాతా, వేసిన రోజు నుంచి మూడు నెలల లోపు గడువు తీరే డిపాజిట్లు కూడా.

ఆపరేటింగ్‌తో మొదలుపెడదాం. పన్నుకు ముందు లాభం 9,00,000. ఇందులోంచి తరుగుదల కింద, అంటే ఆస్తులు వాడకంలో అరిగి విలువ తగ్గినందుకు, 1,20,000 ఖర్చు రాశాం కానీ ఆ డబ్బు ఎవరికీ ఇవ్వలేదు, కాబట్టి తిరిగి కలపాలి. వడ్డీ 1,80,000 నిజంగానే కట్టారు, అయితే అది అప్పు తాలూకు ఖర్చు, కింద ఫైనాన్సింగ్‌లో చూపించాలి, అందుకని ఇక్కడ దాన్నీ కలిపేస్తాం. పాత వ్యాన్ పుస్తకాల్లో 80,000 ఉంటే లక్షకు అమ్మారు, ఆ 20,000 లాభం తీసేయాలి, ఎందుకంటే అమ్మిన లక్ష మొత్తం ఇన్వెస్టింగ్‌లో ఎలాగూ వస్తుంది, రెండుసార్లు లెక్కపెట్టకూడదు. ఇప్పటికి 11,80,000.

అసలు కథ ఇక్కడి నుంచే. రైతుల దగ్గర రావాల్సిన బాకీ 14 లక్షల నుంచి 22 లక్షలకు పెరిగింది. మన వైపు మేత వ్యాపారం ఎలా నడుస్తుందో తెలిసిందే కదా, గుంటలో పిల్ల వదిలిన దగ్గర్నుంచి పట్టుబడి దాకా, అంటే రొయ్యలు పట్టి అమ్మేదాకా, మూడు నాలుగు నెలలు రైతు అరువు మీదే మేత తీసుకుంటాడు, మధ్యలో రొయ్యలకు వైట్ స్పాట్ జబ్బు వచ్చిందంటే పట్టుబడి డబ్బు మేతకే చాలదు, బాకీ తర్వాతి పంటకు పోతుంది. బిల్లు కొట్టిన రోజే మన పుస్తకంలో అమ్మకం, లాభం రెండూ పడిపోతాయి, డబ్బు మాత్రం గుంటలోనే ఉంటుంది. కాబట్టి పెరిగిన 8,00,000 తీసేయాలి. ఈ మాట చెప్పగానే ఆయన ఖాతా పుస్తకం తెరిచి, ఎర్ర ఇంకుతో చుట్టిన పేర్లు ఒక్కొక్కటే వేలితో చూపిస్తూ పోయారు, నేను వేరే ఏమీ వివరించాల్సిన పని లేకపోయింది.

గోడౌన్‌లో సరుకు 6,00,000 నుంచి 7,50,000 అయింది, ఆ 1,50,000 బస్తాల రూపంలో ఉంది, అదీ తీసేయాలి. మేత కంపెనీకి మనం ఇవ్వాల్సింది 5 లక్షల నుంచి 8 లక్షలైంది, అంటే 3,00,000 ఇంకా మన దగ్గరే ఆగింది, కలపాలి. 5,30,000 వచ్చింది. ఆదాయపు పన్ను కట్టింది 2,00,000 తీసేస్తే ఆపరేటింగ్ నికరం 3,30,000. పన్ను విషయంలో ఏడాదిలో నిజంగా కట్టినదే రాయాలి, పుస్తకంలో కేటాయించింది కాదు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

ఇన్వెస్టింగ్ చిన్నదే: కొత్త వ్యాన్‌కు 6,00,000 పోయింది, పాతదానికి 1,00,000 వచ్చింది, మైనస్ 5,00,000. ఒక జాగ్రత్త: ఫైనాన్స్ వాళ్లు షోరూమ్‌కే నేరుగా డబ్బు కట్టేస్తే ఆ మొత్తం మన చేతిలోకి రానే లేదు కాబట్టి స్టేట్‌మెంట్‌లోకి రాదు, మనం కట్టిన డౌన్ పేమెంట్ మాత్రమే వస్తుంది. ఈయన విషయంలో లోన్ ఖాతాలో పడ్డాకే చెక్ ఇచ్చారు.

ఫైనాన్సింగ్‌లో కొత్త లోన్ 4,00,000 వచ్చింది, పాత అప్పు అసలు కింద 1,00,000, వడ్డీ 1,80,000 కట్టారు, మిగిలింది 1,20,000.

మూడూ కలిపితే 3,30,000 లోంచి 5,00,000 పోయి 1,20,000 వచ్చి మైనస్ 50,000. ఏడాది మొదట్లో ఉన్నది 1,90,000, ఇప్పుడు 1,40,000. కుదిరింది.

కుదరకపోతే టెన్షన్ పడకండి, తేడా ఎంతో చూడండి. మన లెక్క 3,00,000 తక్కువ వస్తే ఆ అంకెనే పట్టుకుని వెతకండి, కంపెనీకి ఇవ్వాల్సిన బాకీ పెరుగుదల కలపడం మర్చిపోయి ఉంటారు. అదే 3,00,000 ఎక్కువ వస్తే తేడాను సగం చేసి 1,50,000 కోసం వెతకండి, సరుకు పెరుగుదలను తీసేయాల్సింది పోయి కలిపి ఉంటారు.