మోరి జామ్ అయితే ముందు చాంబర్ మూత తీయండి

మా ఇల్లు హైదరాబాద్ పాతబస్తీ లాల్ దర్వాజాలో ఉంది. మా మామగారి నాన్నగారు కట్టించినది. ముందు భాగంలో మేముంటాం, వెనక రెండు పోర్షన్లు కిరాయికిచ్చాం. మూడు వంటిళ్లు, రెండు బాత్రూములు, రెండు లెట్రిన్లు, బట్టలుతికే బండ. అన్నింటి నీళ్లూ ఒకే పైపులో కలిసి గల్లీలోకి పోతాయి. నేను కోడలిగా వచ్చి 31 ఏళ్లయింది. మొదటి పదేళ్లు మోరి జామ్ అయిన ప్రతిసారీ ముక్కు మూసుకుని పక్కకు జరిగేదాన్ని. తర్వాత ఒక ఏడాది బోనాల రోజు జరిగిన దానితో ఈ పని నేర్చుకోక తప్పలేదు.

ఆ ఆదివారం ఇంట్లో పాతిక మంది చుట్టాలు. తెల్లవారుజామున మూడింటి నుంచే స్నానాలు, బియ్యం కడగడం, మటన్ కడగడం. పది గంటలకు మా వంటింటి మోరిలోంచి నల్లటి నీళ్లు పైకి తన్నాయి. ఇంట్లో వాళ్లు టెన్షన్‌లో దుకాణానికి పరుగెత్తి యాసిడ్ సీసా తెచ్చి గుమ్మరించారు. నీళ్లు కదల్లేదు. ఇంకో సీసా పోశారు. మధ్యాహ్నం ప్లంబర్ చాచా వచ్చారు. యాసిడ్ పోసిన సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. రాడ్ పెట్టి లాగేసరికి ఆ నీళ్లు ఆయన ముంజేతి మీద చిమ్మాయి. చర్మం ఎర్రగా పొక్కింది. కుళాయి కింద చెయ్యి పెట్టించి చాలాసేపు నీళ్లు పోసి ఆసుపత్రికి పంపించాం. తీరా చూస్తే జామ్ మా వంటింట్లో లేనే లేదు, గేటు దగ్గర పైపు మీద మూతతో కట్టిన గుంత, అంటే చాంబర్‌కు అవతల ఉంది. ఆ రెండు సీసాల యాసిడ్ అడ్డం దాకా చేరనేలేదు, పైపులోనే నిలబడి ఆయన కోసం కాచుకుని ఉంది.

చెయ్యి నయమయ్యాక చాచా ఒకరోజు వచ్చి చాంబర్ మూతలన్నీ తీయించి నాకు చూపించారు. "ముందు చూడాలి బేటీ, ఆ తర్వాతే పొడవాలి" అన్నారు. నేను చెప్పబోయేదంతా ఎక్కువగా ఆ చూడటం గురించే.

నీళ్లు ఎక్కడ ఆగాయో కనుక్కోవడానికి మెషీన్ ఏదీ అక్కర్లేదు. ఇంట్లో ఒక్క చోటే నీళ్లు దిగకుండా మిగతావన్నీ బాగా పోతుంటే అడ్డం అక్కడి జాలి కిందో, వాసన రాకుండా నీళ్లు నిలిపే ట్రాప్‌లోనో ఉంటుంది. వాష్‌బేసిన్‌లో నీళ్లు వదిలితే బాత్రూమ్ నేల మీది జాలి కింద ఉండే నాని ట్రాప్‌లో బుడగలు వస్తే ఆ రెండూ కలిసిన చోటు దాటాక ఉంది. ఎవరు ఎక్కడ నీళ్లు పోసినా ఇంట్లో అన్నింటికన్నా పల్లంలో ఉన్న మోరి పొంగితే మెయిన్ లైనే పట్టేసింది. అప్పుడు వెనక పోర్షన్ల వాళ్లకు కూడా చెప్పి కుళాయిలన్నీ కట్టేయించాలి. ఇది మరిచిపోయి మనం ఇక్కడ తోడుతుంటే అక్కడ ఎవరో వాషింగ్ మెషీన్ ఆన్ చేస్తారు.

ఇక చాంబర్లు. ఇంటికి దగ్గరగా ఉన్న దాని మూత ముందు తీయండి. ఇనుప గడ్డపారతో ఒక అంచు లేపి, గాలి ఆడేందుకు కాసేపు అలా వదిలేసి, ఆ తర్వాత పక్కకు జరపాలి. అగ్గిపుల్ల గీసి తొంగి చూడకూడదు, టార్చ్ వేయాలి. లోపల పొడిగా ఉంటే అడ్డం ఇంటికీ ఆ చాంబర్‌కూ మధ్య ఉన్నట్టు. నిండి ఉంటే తర్వాతి చాంబర్ దగ్గరకు పోవాలి. నిండిన చాంబర్ల వరసలో చివరిదానికీ, దాని తర్వాత పొడిగా కనిపించిన మొదటిదానికీ మధ్యలో అడ్డం ఉంటుంది. గేటు దగ్గరిది కూడా నిండి, పక్కింటి వాళ్లదీ పొంగుతుంటే గల్లీ లైన్ జామ్ అయింది, అది మన చేతి పని కాదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

వంటింటి సంగతి చిన్నది. సింక్ కింద గిన్నెలాంటి ట్రాప్ ఉంటుంది. కింద బకెట్ పెట్టి చేత్తోనే తిప్పితే ఊడుతుంది. అందులో అన్నం, చాయ్ పత్తి, గట్టిపడిన డాల్డా కనిపిస్తాయి. కడిగి బిగించేటప్పుడు రబ్బరు వాషర్ జారకుండా చూసుకోండి. నేల మీది నాని ట్రాప్‌కు జాలి తీస్తే లోపల బోర్లించిన కప్పు ఒకటి ఉంటుంది, దాన్ని కూడా తీసి కడగాలి. తిరిగి పెట్టడం మాత్రం మరవొద్దు. అది ఉంటేనే ట్రాప్‌లో నీళ్లు నిలబడి గల్లీ వాసననూ బొద్దింకలనూ ఆపుతాయి. జిడ్డు పట్టిన చోట వేడినీళ్లు పోయొచ్చు గానీ మరిగే నీళ్లు వద్దు, పీవీసీ పైపు మెత్తబడుతుంది.

కప్పు కడిగినా దిగకపోతే రబ్బరు పంపు, అంటే పిడికి రబ్బరు గిన్నె బిగించినది. చాలామంది దీన్ని ఎడాపెడా కొట్టి పని చేయట్లేదని పడేస్తారు. దగ్గర్లో ఉన్న మిగతా రంధ్రాలను, వాష్‌బేసిన్‌కు పైన ఉండే చిన్న తూము సహా, తడిగుడ్డలు కుక్కి మూయాలి. లేకపోతే గాలి అటు నుంచి పోతుంది. రబ్బరు మునిగేంత నీళ్లు ఉంచి, మెల్లగా నొక్కి గట్టిగా పైకి లాగాలి. ఇరవై సార్లు చేసి ఆగి చూడండి.

యాసిడ్ గురించి ఒక్క మాట. మీరు పోసినా, మీ కన్నా ముందు ఎవరు పోసినా, పని చేసే మనిషికి చెప్పి తీరాలి. యాసిడ్, బ్లీచింగ్ రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. బాత్రూమ్ తలుపు వేసుకుని కడిగేవాళ్లకు అది ప్రాణం మీదికి తెస్తుంది. పాత ఇళ్లలో పైపుల అతుకులు సిమెంటువి, యాసిడ్ వాటినీ తినేస్తుంది. కాస్టిక్ సోడా కూడా నేను వాడను. అది నీళ్లలో పడగానే సలసలా కాగి కళ్లలోకి చిమ్ముతుంది.

మెయిన్ లైన్‌కు రాడ్లు గానీ, పైపులోకి తిప్పుతూ దూర్చే పొడవాటి తీగ స్ప్రింగ్ గానీ కావాలి. మా దగ్గర ఒకదానికొకటి బిగించే రాడ్లున్నాయి. వాటిని ఎప్పుడూ బిగించే వైపే తిప్పుతూ తోయాలి. ఎదురు తిప్పితే మర ఊడి ముక్క లోపలే ఉండిపోతుంది. వెదురు బద్దలు వాడేవాళ్లు ఇంకా ఉన్నారు, కానీ విరిగిన బద్ద పైపులో ఇరుక్కుంటే దానికే చెత్తంతా చుట్టుకుని మళ్లీ జామ్ అవుతుంది. పొడిగా ఉన్న చాంబర్ వైపు నుంచి పొడవడం మేలు, లోపల ఏముందో కనిపిస్తుంది. అయితే అడ్డం తొలగగానే నిలిచిన నీళ్లన్నీ ఒక్కసారి వస్తాయి కాబట్టి పైపుకు ఎదురుగా కూర్చోకుండా పక్కన ఉండాలి. ఆ చాంబర్ నుంచి బయటికి పోయే మూతికి పాత ఇనుప జాలి ఒకటి అడ్డం పెట్టండి. చెత్త దానికి తగిలి ఆగితే చేతికి గ్లౌజులు వేసుకుని తీసి పారేయొచ్చు. పెట్టకపోతే మన చెత్త గేటు దగ్గరకు పోయి మళ్లీ కూర్చుంటుంది.

పాతబస్తీ ఇళ్లకు ఇంకో రెండు కష్టాలున్నాయి, కొత్త కాలనీల వాళ్లకు ఇవి అంతగా తెలియవు.

మొదటిది వేళ్లు. పాత లైన్లు మట్టిని కాల్చి నున్నగా చేసిన స్టోన్‌వేర్ పైపులు. ఒక్కోటి రెండడుగులే ఉంటుంది కాబట్టి ప్రతి రెండడుగులకూ ఒక అతుకు. సిమెంటు బీటలిస్తే అందులోంచి రావి, వేప వేళ్లు వెంట్రుకల్లా దూరి లోపల జడలా అల్లుకుంటాయి. మా ప్రహరీలో మొలిచిన రావి మొక్కను పాపం అని ఎవరూ పీకలేదు, అది మా పైపును మూడుసార్లు మూసేసింది. స్ప్రింగ్‌తో కోస్తే కొన్ని నెలలు ఆగుతుంది, మళ్లీ పెరుగుతుంది. ఆ ముక్క మార్చడమే దారి. మార్చేటప్పుడు నాలుగంగుళాల పైపుకు పదడుగులకు మూడంగుళాల వాటం (వాలు) ఉందో లేదో దారం కట్టి మీరే చూసుకోండి. మలుపు దగ్గర మామూలు బెండ్ వద్దని చెప్పి డోర్ బెండ్ వేయించండి, రేపు మూత విప్పి రాడ్ పెట్టొచ్చు.

రెండోది రోడ్డు ఎత్తు. ఒకప్పుడు మా ఇంటి గుమ్మానికి మూడు మెట్లు ఎక్కేవాళ్లట. ఇప్పుడు ఒక మెట్టు దిగుతాం. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోయారు, ఇల్లు ఉన్నచోటే ఉంది. ఈ నగరానికి డ్రైనేజీ ఆలోచన గట్టిగా వచ్చింది 1908 సెప్టెంబరు వరద తర్వాత. మూసీ పొంగి వేలమంది పోయాక, నిజాం ప్రభుత్వం పిలిస్తే 1909లో ఇంజనీరు విశ్వేశ్వరయ్య గారు వచ్చి వరదకు చెరువులు, ఊరికి మురుగు లైన్లు ఎలా ఉండాలో చెప్పారు. అప్పుడు ఒక్కో ఇంట్లో ఎంతమంది ఉండేవాళ్లు, ఇప్పుడు ఎంతమంది ఉన్నారు! వాన గట్టిగా పడితే గల్లీ లైన్ నిండి, పల్లంగా ఉన్న మా ఇంట్లోకే తిరిగొచ్చేది. గేటు చాంబర్‌లో నీళ్లను బయటికి పోనిచ్చి వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించాక అది ఆగింది. దాని రేకుకు చెత్త పట్టి తెరుచుకునే ఉండిపోతే పనికిరాదు, నేను మృగశిర కార్తెకు ముందే విప్పించి కడిగిస్తాను. వాల్వ్ లేనివాళ్లు వానప్పుడు పల్లం నాని ట్రాప్ మీద ఇసుక సంచి పెట్టుకోవచ్చు. ఇంకొకటి, మిద్దె మీది వాన నీళ్లను డ్రైనేజీలో కలపకండి. మా ఇంట్లోనూ కలిపే ఉండేది. ఆ పైపును ఇంకుడు గుంతకు మళ్లించాక గల్లీలో మా కింది ఇంటి ఆమె వచ్చి, ఈసారి వానకు మా బాత్రూమ్ పొంగలేదు అక్కా అని చెప్పి పోయింది.

ఇప్పుడు గల్లీ లైన్ సంగతి. మ్యాన్‌హోల్ పొంగితే మెట్రో వాటర్ బోర్డు వాళ్ల 155313 నంబర్‌కు ఫోన్ చేయాలి. నీళ్ల బిల్లు మీద క్యాన్ నంబర్ (మన కనెక్షన్ నంబర్) ఉంటుంది, అది దగ్గర పెట్టుకోండి. ఇరుకు గల్లీ అని ముందే చెప్పండి. పెద్ద బండి రాలేని సందుల కోసం 2017 నుంచి నీళ్లు గట్టిగా చిమ్మి పైపు కడిగే చిన్న జెట్టింగ్ బండ్లు తిరుగుతున్నాయి. కంప్లయింట్ నంబర్ రాసుకోండి. అంతవరకు మ్యాన్‌హోల్ మూత మీరు తీయొద్దు. అది చట్టప్రకారం నేరం. పైగా వాన నీళ్లలో తెరిచిన మూత కనిపించక మనుషులు పోయిన ఊరు ఇది.

ఎంత తొందరున్నా, ఎవరు సరే అన్నా, డబ్బులిచ్చి మనిషిని మ్యాన్‌హోల్‌లోకో సెప్టిక్ ట్యాంక్‌లోకో దింపకండి. 2013 చట్టం దాన్ని నిషేధించింది. లోపలి గ్యాస్ మొదట కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయిందనుకుని దిగిన మనిషి అక్కడే పడిపోతాడు, అతన్ని లాగడానికి దిగినవాడూ పడిపోతాడు. మా ఇంటికి పని కోసం వచ్చిన ఒక పిల్లాడు, ఇరవై ఏళ్లు కూడా ఉండవు, "దిగి తీసేస్తా అమ్మా" అని చొక్కా విప్పాడు. నేను చెయ్యి పట్టి ఆపాను. ఆ రోజంతా ఇంట్లో నీళ్లు వాడకుండా ఉన్నాం, మరుసటి రోజు బండి వచ్చింది.

జామ్ కాకుండా చూసుకోవడానికి నేను చేసేవి చాలా తక్కువ. జిడ్డు గిన్నెలను కడిగే ముందు పాత పేపర్‌తో తుడుస్తాను. మాడిన నూనె సీసాలో పోసి చెత్త బండికి ఇస్తాను. బోనాలప్పుడు పసుపు నీళ్లు, వేపాకు, మటన్ కడిగిన నీళ్లు జల్లెడలో వడకట్టాకే పోస్తాం. ప్యాడ్లు లెట్రిన్‌లో వేయొద్దని కిరాయికొచ్చే ఆడపిల్లలకు మొదటి రోజే, సిగ్గుపడకుండా చెప్తాను, మూత ఉన్న డబ్బా కూడా నేనే కొనిస్తాను.

చాంబర్ మీద టైల్స్ వేయించకండి. మేం ఒకసారి ఆ తప్పు చేశాం, ఎక్కడుందో తెలియక వాకిలంతా తవ్వాల్సి వచ్చింది. ఆ తర్వాత నేను లైన్ మొత్తం కొలిచి కరెంట్ మీటర్ డబ్బా తలుపు లోపలి వైపు కాగితం మీద గీసి అంటించాను. వంటింటి మోరి నుంచి తులసికోట చాంబర్‌కు 14 అడుగులు, అక్కడి నుంచి గేటు చాంబర్‌కు 22 అడుగులు, లోతు రెండున్నర. రాడ్లకు అడుగడుగుకూ ఎర్ర టేపు చుట్టాను. పోయిన చలికాలం మళ్లీ లైన్ పట్టేసింది. గేటు వైపు నుంచి రాడ్ పెడితే తొమ్మిదో టేపు దగ్గర తగిలి ఆగింది. కాగితం చూసి, గేటు నుంచి తొమ్మిదడుగులు కొలిచి, అక్కడ ఒక్క షాబాద్ బండ లేపించాం. పగిలిన అతుకు సరిగ్గా దాని కిందే ఉంది.