బ్రూటస్ పాత్రలో దేశభక్తినీ నిజాయితీనీ విడివిడిగా చూపడం ఎలా

బెంగళూరులో వారమంతా ఉద్యోగాలు చేసుకుని, శని ఆదివారాల్లో ఏ అపార్ట్‌మెంటు హాల్లోనో కూడి తెలుగు నాటకం రిహార్సల్ చేసుకునే బృందాలను దృష్టిలో పెట్టుకుని ఈ సూచనలు రాస్తున్నాను. షేక్స్పియర్ 1599 ప్రాంతంలో రాసిన ‘జూలియస్ సీజర్’ను తెలుగులో ఆడదలచుకున్న దర్శకుడికి అసలు చిక్కు సీజరు హత్యలోనో, సీజరు మిత్రుడు ఆంటోనీ ఉపన్యాసంలోనో ఉండదు, సీజరు రాజైపోతాడన్న భయంతో అతణ్ని చంపే కుట్రలో చేరిన బ్రూటస్‌లో ఉంటుంది. అతడు దేశభక్తుడని, నిజాయితీపరుడని మిత్రులూ శత్రువులూ ఒకే మాటగా చెబుతారు. ఆ రెండు గుణాలనూ కలిపి, నిటారుగా నిలబడి గంభీరంగా మాట్లాడే మంచి మనిషిగా అతణ్ని చూపిస్తే పతనానికి కారణం ఎదుటివాళ్ల మోసమే అయిపోతుంది. అప్పుడది విషాద నాటకం కాదు, మంచివాడికి చెడు జరిగిన కథ మాత్రమే. నా దృష్టిలో రోము పట్ల ప్రేమ అతణ్ని హత్యకు నడిపిస్తుంది. ఆ హత్య తరువాత కూడా తన చేతులు శుభ్రంగానే ఉండాలన్న పట్టుదల రోమును ముంచుతుంది. పాత్రధారి ఈ రెంటి మధ్య ఉన్న పగులును ప్రేక్షకుడికి కనిపించేలా చేయగలగాలి.

ముందుగా నాటకం ప్రతిని రెండు రంగుల కలాలతో చదవండి. రోము ఏమవుతుందన్న ఆలోచనతో బ్రూటస్ మాట్లాడే చోట ఒక రంగు, తాను ఎలాంటివాడిగా మిగులుతానన్న ఆలోచనతో మాట్లాడే చోట మరొక రంగు గీయండి. రెండూ కలిసే మాటలే మీకు అత్యంత విలువైనవి కాబట్టి అక్కడ తొందరపడి ఏదో ఒకటి తేల్చకండి. బృందంలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ చదువు మాత్రం కన్నడ లిపిలో నేర్చినవారు ఉంటే, వాళ్ల ప్రతిని కన్నడ లిపిలోనే రాయించి ఇవ్వండి. అక్షరం కూడబలుక్కుంటూ చదివే నటుడికి పాత్ర ఉద్దేశం మీద మనసు నిలవదు.

రెండో అంకం మొదట్లో ఉన్న తోట రంగానికి మిగతా రంగాలన్నిటికంటే ఎక్కువ సమయం కేటాయించాలి. సీజరు చనిపోవలసిందే అన్న నిర్ణయంతోనే బ్రూటస్ స్వగతం మొదలవుతుంది. కారణాలు ఆ తరువాత వస్తాయి. తనకు అతనితో సొంత పగ ఏమీ లేదంటాడు. ఇంతవరకు సీజరు వివేకాన్ని ఆవేశం మింగేసిన సందర్భం తాను చూడలేదని కూడా తానే ఒప్పుకుంటాడు. జరిగిన నేరం దొరకనందువల్ల, జరగబోయే నేరాన్ని ఊహించి, సీజరును ఇంకా పొదగని పాము గుడ్డుగా భావించి గుడ్డులో ఉండగానే చంపాలంటాడు. ఈ మాటలను ముందే తీర్మానించుకున్న యోధుడిలా గర్జిస్తే అంతా పాడవుతుంది. రవీంద్ర కళాక్షేత్రం వంటి పెద్ద వేదిక మీద కూడా ఇది తనను తాను ఒప్పించుకోవడానికి తంటాలు పడుతున్న మనిషి గొంతుతోనే వినపడాలి. మన పద్యనాటక సంప్రదాయంలో పెరిగిన నటులకు ఇక్కడ రాగం ఎత్తాలనిపించడం సహజమే. ఆ శక్తిని సభా రంగంలో ఆంటోనీ పద్యాలకు వదిలేయమని చెప్పండి.

ఆ తోటలోనే లూషియస్ అనే కుర్రవాడు కిటికీ దగ్గర దొరికిన ఉత్తరం తెచ్చి ఇస్తాడు. అది కుట్రను నడిపిస్తున్న కాసియస్ వేయించిన దొంగ ఉత్తరమని ప్రేక్షకులకు తెలుసు, బ్రూటస్‌కు తెలియదు. నిద్ర లేచి నిన్ను నువ్వు చూసుకో అని హెచ్చరించిన ఆ ఉత్తరం, రోము ఇక... అంటూ వాక్యాన్ని సగంలో వదిలేస్తుంది. మిగతా సగాన్ని బ్రూటస్ స్వయంగా పూరించుకుంటాడు: రోము ఒక్క మనిషికి జడిసి బతకాలా, రాజనిపించుకున్న టార్క్విన్‌ను ఈ వీధుల నుంచి తరిమింది మా పూర్వికులు కాదా అని. ఈ ఖాళీ దగ్గర నటుడు ఆగాలి, కాగితం మీద నుంచి చూపు ఎత్తాలి, పూర్వికుల మాట అప్పుడే తట్టినట్టు పలకాలి. దేశం గురించిన ఆలోచనలోకి వంశం పరువు ప్రవేశించేది ఈ క్షణంలోనే. కాసియస్ తన ఉత్తరంలో ఖాళీ మాత్రమే ఉంచాడు, దాన్ని దేనితో నింపాలో బ్రూటస్ మనసే నిర్ణయించింది.

కుట్రదారులు వచ్చాక బ్రూటస్ వరుసగా మూడు సలహాలు తోసిపుచ్చుతాడు. ప్రమాణం అక్కర్లేదనడం అతని స్వభావానికి తగినదే, దాన్ని సూటిగా దాటిపోవచ్చు. పేరున్న వక్త సిసిరోను కలుపుకోవద్దనడానికి చెప్పే కారణం మాత్రం గమనించదగినది: ఇతరులు మొదలుపెట్టిన పనిని అతను అనుసరించడట. ఆ దోషం ఈ సభలో ఎవరికి ఎక్కువగా ఉందో పక్కన నిలబడ్డ కాసియస్ ముఖంలో ఒక్క క్షణం కనబడనివ్వండి. మూడోది ఆంటోనీ ప్రాణం. అతణ్ని కూడా చంపాలని కాసియస్ అంటే, మనం యజ్ఞంలో బలి ఇచ్చేవాళ్లమే కాని కసాయివాళ్లం కాదన్న అర్థంలో బ్రూటస్ జవాబిస్తాడు. దేశ హితమే కొలమానమైతే అడగవలసింది ఆంటోనీ బతికితే గణతంత్రానికి ప్రమాదమా కాదా అన్న ప్రశ్న. బ్రూటస్ దానికి ముక్తసరిగా జవాబు చెప్పి, హత్య చూడటానికి ఎలా ఉంటుందన్న దాని మీదే మనసు పెడతాడు. నటుడు ఈ మాటలను దయతో, అందంగా, పూర్తి నమ్మకంతో చెప్పాలి. ప్రేక్షకుడు అతణ్ని మెచ్చుకుంటూనే భయపడితే రంగం పండినట్టు.

తెలుగు ప్రేక్షకుడికి నిజాయితీ అనగానే కాటిసీనులోని హరిశ్చంద్రుడు గుర్తుకొస్తాడు కనుక ఆ తేడాను దర్శకుడు ముందే ఆలోచించి పెట్టుకోవాలి. హరిశ్చంద్రుడి సత్యానికి ఒక పరీక్షకుడు ఉన్నాడు, పరీక్ష ముగిశాక పోయినవన్నీ తిరిగి వస్తాయి. బ్రూటస్‌ను పరీక్షించేవాడు ఎవడూ లేడు, అతని నియమం వల్ల కలిగే నష్టం అతనితో ఆగదు, సైన్యం మీదా నగరం మీదా పడుతుంది. మన రంగస్థలానికి ఇలా దుఃఖంతో ముగిసే కథ మరీ కొత్తేమీ కాదు. ‘విషాద సారంగధర’తో తెలుగులో దుఃఖాంత నాటకానికి దారి వేసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఈ కర్ణాటకలోని బళ్లారిలోనే నాటకాలు నడిపారు.

హత్య తరువాతి సభలో బ్రూటస్ వచనంలో, తూచినట్టు, తర్కబద్ధంగా మాట్లాడతాడు. ఆంటోనీ పద్యంలో మాట్లాడతాడు. అనువాదంలో ఈ తేడాను పోనివ్వకండి. సీజరు మీద ప్రేమ తక్కువై కాదు, రోము మీద ప్రేమ ఎక్కువై చంపానని అతను చెప్పగానే గుంపులో ఒకడు ఇతణ్నే సీజరును చేద్దామని అరుస్తాడు. ఏ పదవి పుట్టకూడదని ఒక ప్రాణం తీశాడో అదే పదవిని జనం సంతోషంగా అతని చేతిలో పెడుతున్నారు. చిన్న వేషమని ఆ కేకను ఎవరో ఒకరికి అప్పగించకండి. స్పష్టమైన ఉచ్చారణ ఉన్న నటుడికి ఇవ్వండి. ఆ వెంటనే బ్రూటస్ వేదికను ఆంటోనీకి వదిలి ఒంటరిగా వెళ్లిపోతాడు. కాసియస్ వద్దని హెచ్చరించినా ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్నాడు. వెళ్లే నడకలో అనుమానం ఛాయ కూడా ఉండకూడదు.

రోము వదిలి సైన్యాలు కూడగట్టాక, నాలుగో అంకంలో బ్రూటస్ గుడారంలో కాసియస్‌తో జరిగే కలహంలో ఈ పగులు బాగా బయటపడుతుంది. లంచం తిన్న లూషియస్ పెల్లా అనేవాణ్ని బ్రూటస్ శిక్షించినందుకు కాసియస్‌కు కోపం. కాసియస్ చేతికి డబ్బు దురద ఉందని బ్రూటస్ నిందిస్తాడు. అంతలోనే తన సైనికుల జీతాలకు బంగారం అడిగితే పంపలేదని అతన్నే తప్పుపడతాడు, తాను మాత్రం నీచమార్గాల్లో డబ్బు పోగుచేయలేనంటాడు. అంటే మచ్చ కాసియస్ చేతికి ఉండాలి, బంగారం బ్రూటస్ సైన్యానికి చేరాలి. ఈ వైరుధ్యం బ్రూటస్‌కు కనబడదు; పాత్రధారికి కనబడాలి, అయినా దాన్ని గొంతులో చూపకూడదు. కాసియస్ బ్రూటస్ సోదరి భర్త కాబట్టి బావా అని పిలుచుకునే చనువు మొదటి అంకం నుంచీ ఉంచితే, ఈ రంగంలో ఆ పిలుపు ఆగిపోవడం, రాజీ పడ్డాక తిరిగి రావడం తెలుగు చెవికి బాగా తగులుతాయి. చరిత్రలోని బ్రూటస్ సైప్రస్‌లోని సాలమిస్ నగరానికి 48 శాతం వడ్డీకి అప్పు ఇచ్చినట్టు సిసిరో ఉత్తరాల వల్ల తెలుస్తోంది. ఆసక్తికరమైన సంగతే కాని, దాన్ని వేషంలోకి తేవద్దు. నాటకంలోని బ్రూటస్‌ను కపటిగా మారిస్తే విషాదం పోతుంది.

అదే రాత్రి లూషియస్ వాద్యం వాయిస్తూ నిద్రపోతే, అది కిందపడి విరగకుండా బ్రూటస్ మెల్లగా తీసి పక్కన పెడతాడు. ఈ పనిని తొందర లేకుండా చేయించండి. సిద్ధాంతం అడ్డు లేనప్పుడు అతను ఎంత సున్నితమైన మనిషో మరెక్కడా ఇంత తేటగా కనబడదు. ఆంటోనీ సేనలతో జరిగే ఫిలిపై యుద్ధానికి ముందు తన భార్య తండ్రి కేటో ఆత్మహత్యను తప్పుపట్టి, బందీగా రోము వీధుల్లో నడవడం మాత్రం ఊహించలేక, ఓడిపోయాక చివరికి సేవకుడు స్ట్రాటో పట్టుకున్న కత్తి మీద బ్రూటస్ వాలతాడు. ఆ మరణంలో దేశం పేరు వినబడదు, సీజరు పేరు వినబడుతుంది. అందుకే అక్కడ వీరరస సంగీతం వద్దు. మిగతావాళ్లు అసూయతో చంపారు, ఇతనొక్కడే అందరి మేలు కోరి చంపాడన్న ఆంటోనీ మాటలు గెలిచిన సేనాని మాటలుగా, సైనికుల ఎదుట, బాహాటంగా రావాలి.

ప్రదర్శనకు ముందు వారం ఒక అభ్యాసం చేయించండి. బ్రూటస్, కాసియస్ పాత్రధారులు వేషాలు మార్చుకుని ఆంటోనీ ప్రాణం గురించిన చర్చనూ గుడారం కలహాన్నీ ఒకసారి చదవాలి. కాసియస్ వైపు నిలబడి ఆ మంచి మాటలు వినవలసి వచ్చినప్పుడు అవి ఎంత బరువైనవో, ఎదురు చెప్పడానికి ఎంత కష్టమైనవో బ్రూటస్ నటుడికి తెలుస్తుంది. ఆ తరువాత అతను తన వేషానికి తిరిగి వచ్చి అవే మాటలను ఎలా పలుకుతాడో వినండి. రెండు రంగుల గీతల్లో మార్చవలసినవి ఏమైనా ఉంటే అప్పుడు మార్చండి.